నీళ్లలో మునిగినా పోకూడని 24 పదాలు: హార్డ్‌వేర్ వాలెట్‌తో నా అనుభవం

2024లో రెండు నెలల లోపే రెండు సంగతులు జరిగాయి. అవి జరగకపోయి ఉంటే, బిట్‌కాయిన్ తాళాన్ని భద్రంగా ఉంచే హార్డ్‌వేర్ వాలెట్ అనే చిన్న పరికరం జోలికి నేను వెళ్లేదాన్నే కాదు.

మొదటిది జూలై 18న. మన దేశంలో చాలామంది వాడే ఒక క్రిప్టో ఎక్స్ఛేంజ్, అంటే బిట్‌కాయిన్ లాంటి కాయిన్లు కొని అమ్ముకునే కంపెనీ, నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు, మన లెక్కలో దాదాపు రెండు వేల కోట్ల రూపాయలు, హ్యాకర్లు ఎత్తుకుపోయారు. మా తమ్ముడి డబ్బు అందులోనే ఉంది. ఆ సాయంత్రం ఫోన్ చేసి "అక్కా, యాప్‌లో బ్యాలెన్స్ కనబడుతోంది, తీసుకుందామంటే రావట్లేదు" అన్నాడు. నా బిట్‌కాయిన్ వేరే ఎక్స్ఛేంజ్‌లో ఉంది కాబట్టి నాకేం కాలేదు. కానీ ఆ రాత్రి నా యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకుంటుంటే, ఈ అంకె నా డబ్బా, లేక వాళ్లు నాకు ఇస్తామన్న మాటా అని మొదటిసారి అనుమానం వచ్చింది. 2020 చివరి నుంచి నెలకు వెయ్యి, రెండు వేలు, బోనస్ వచ్చినప్పుడు ఇంకొంచెం వేస్తూ పోగేసుకున్నది అది.

రెండోది సెప్టెంబరు 1న, బుడమేరు వాగు వరద. అమ్మానాన్నలది విజయవాడ సింగ్ నగర్. కింది వాటాలో ఛాతీ లోతు నీళ్లు. వాళ్లిద్దరూ పై వాటాలోకి వెళ్లిపోయారు కాబట్టి ప్రాణాలకు ఇబ్బంది లేదు. నీళ్లు తీశాక నేను వెళ్లి బురద కడిగి బీరువా తెరిస్తే, నాన్న నలభై ఏళ్లుగా దాచిన కాగితాలన్నీ ఒక ముద్దలా అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకు పెన్నుతో రాసినవి పూర్తిగా కడుక్కుపోయాయి. బాల్ పెన్నుతో రాసినవి మటుకు, కాగితం చిరగకుండా విడదీయగలిగితే, చదవడానికి వచ్చాయి. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లలోకి కూడా అంచుల్లోంచి నీళ్లు పోయాయి. నెలన్నర తర్వాత వాలెట్ పెట్టుకుంటున్నప్పుడు నాకు ఎక్కువగా గుర్తొచ్చింది హ్యాకర్లు కాదు, ఆ బీరువానే.

ముందు ఒక విషయం చెప్పేస్తాను, ఎందుకంటే నేనూ దీన్ని తప్పుగానే అనుకున్నాను. హార్డ్‌వేర్ వాలెట్ చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది కాబట్టి కాయిన్లు దాని లోపల ఉంటాయనుకుంటాం. ఉండవు. పట్టాదారు పాస్‌బుక్ బీరువాలో పెట్టినంత మాత్రాన పొలం బీరువాలో ఉన్నట్టు కాదు కదా, ఇదీ అంతే. బిట్‌కాయిన్ ఎవరి అడ్రస్ మీద ఎంత ఉందన్నది బ్లాక్‌చైన్‌లో, అంటే లోకమంతా చూడగలిగిన ఒక పెద్ద అడంగల్ లాంటి లెక్కలో ఉంటుంది. అక్కడి నుంచి కదిలించడానికి కావలసిన సంతకం పెట్టే రహస్య తాళం ఈ పరికరంలో ఉంటుంది. కంప్యూటర్‌కి తగిలించినా ఆ తాళం బయటికి రాదు. కంప్యూటర్ "ఇంత, ఈ అడ్రస్‌కి పంపాలి" అని అడుగుతుంది, పరికరం తన లోపలే సంతకం చేసి, సంతకం మటుకే బయటికి ఇస్తుంది. అందుకే కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా తాళం పోదు. పాస్‌బుక్‌తో ఒక్క తేడా ఉంది, ఆ తేడాలోనే ప్రమాదమంతా ఉంది: పాస్‌బుక్ పోతే ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్లి ఇంకోటి తెచ్చుకోవచ్చు, ఇక్కడ వెళ్లడానికి ఏ ఆఫీసూ లేదు. పరికరం పోయినా, కాలినా, నీళ్లలో పడినా, మొదట్లో అది చూపించే 24 ఇంగ్లీషు పదాలు దగ్గరుంటే కొత్త పరికరంలో అంతా తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ పదాలు పోతే, లేదా ఇంకొకరి చేతిలో పడితే, ఇక అంతే.

కొనడం దగ్గరే మొదటి జాగ్రత్త. పెద్ద ఆన్‌లైన్ షాపుల్లో తక్కువ ధరకు చాలా కనిపించాయి. వాడిన పరికరాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాటి జోలికి పోలేదు. నేను ఎంచుకున్నది లెడ్జర్ అనే కంపెనీ చేసే నానో ఎస్ ప్లస్. బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు, చిన్న స్క్రీన్, రెండు బటన్లు, కేబుల్. నాకు అంతకంటే అక్కర్లేదు. ప్రేగ్‌లోని వాళ్లు చేసే ట్రెజర్ కూడా చూశాను, 2014లో అందరికంటే ముందు ఇలాంటి పరికరం అమ్మింది వాళ్లే, అదీ మంచిదే. లెడ్జర్ వెబ్‌సైట్‌లో అధికారిక రీసెల్లర్ల జాబితా ఉంటుంది, అందులో మన దేశానికి చెందిన వాళ్ల దగ్గర పదివేల లోపు పడింది. ఆర్డర్ మటుకు ఇంటి అడ్రస్‌కి పెట్టలేదు. 2020లో లెడ్జర్ ఆన్‌లైన్ స్టోర్ నుంచి కొన్నవాళ్ల వివరాలు లీకయ్యాయి, ఆ డిసెంబరులో రెండున్నర లక్షల మందికి పైగా పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు అందరికీ దొరికేలా ఎవరో పెట్టేశారు. ఆ మరుసటి ఏడాది అలాంటి కొందరి ఇళ్లకు కంపెనీ పంపినట్టుగా నకిలీ పరికరాలు కూడా పోస్టులో వచ్చాయి. లోపలి తాళం భద్రంగానే ఉంది, కానీ ఫలానా ఇంట్లో క్రిప్టో ఉందన్న సంగతి బయటపడింది. అందుకని ఆఫీసు అడ్రస్, దీనికోసమే తెరిచిన ఈమెయిల్ ఇచ్చాను.

పెట్టె వచ్చాక నేను మొదట వెతికింది పదాలు రాసుకునే కార్డులు ఖాళీగా ఉన్నాయా లేదా అని. మోసం ఎక్కువగా ఇక్కడే. పరికరాన్ని ముందే సెట్ చేసేసి, పదాలు అచ్చువేసిన కార్డో, గీకితే కనిపించే కార్డో పెట్టి, "ఇవే మీ పదాలు, భద్రంగా దాచుకోండి" అని పంపుతారు. కొన్నవాళ్లు నమ్మి డబ్బు వేస్తారు, అవే పదాలు ఆ మోసగాడి దగ్గర కూడా ఉంటాయి. పదాలు ఎప్పుడూ పరికరం స్క్రీన్ మీద, మన కళ్ల ముందు, మొదటిసారి పుట్టాలి. ఎవరో రాసిచ్చినవి ఎంత అందమైన పెట్టెలో వచ్చినా వెనక్కి పంపేయాలి. నా పెట్టెలో కార్డులు ఖాళీగా ఉన్నాయి, పరికరం తగిలించగానే స్వాగతం చెప్పి కొత్తగా సెట్ చేసుకోమంది, పిన్ అడగలేదు. అడిగి ఉంటే ఎవరో అప్పటికే వాడారన్నమాట.

దాంతో పాటు వాడే యాప్ పేరు అప్పట్లో లెడ్జర్ లైవ్. దాన్ని గూగుల్‌లో వెతికి మొదట వచ్చిన లింకు నొక్కలేదు, ఎందుకంటే ప్రకటనల రూపంలో నకిలీవి పైన వచ్చి కూర్చుంటాయి. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకే ఇదే పేరుతో ఒక నకిలీ యాప్ దూరి లక్షల డాలర్ల బిట్‌కాయిన్ పోయేలా చేసింది. పెట్టెలో ఉన్న కాగితం చూసి వెబ్‌సైట్ పేరు చేత్తో టైప్ చేసి దింపుకున్నాను. యాప్ పరికరాన్ని పరీక్షించి అది అసలైనదేనని చెప్పింది, ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ అయింది. ఇదంతా పావుగంట పని.

పిన్ నాలుగు నుంచి ఎనిమిది అంకెలు. నేను ఎనిమిది పెట్టాను, ఎవరి పుట్టినరోజూ కాదు, ఏటీఎం నంబరూ కాదు. మూడుసార్లు తప్పు కొడితే పరికరం తనలోని తాళాన్ని పూర్తిగా చెరిపేసుకుంటుంది. వినగానే భయం వేస్తుంది గానీ మనల్ని కాపాడేది అదే. దొంగ చేతిలో పడితే వాడికి మూడే అవకాశాలు.

ఇక పదాలు. మా ఇంట్లో కిటికీ, కెమెరా, టీవీ ఏవీ లేని చోటు పూజగది ఒక్కటే. లాప్‌టాప్ కెమెరా చూపు పడకుండా పరికరాన్ని లాప్‌టాప్ నుంచి తీసి ఫోన్ చార్జర్‌కి తగిలించాను. పదాలు పుట్టడానికి కంప్యూటర్ అక్కర్లేదు, కరెంటు చాలు. ఫోన్ హాల్లో వదిలేసి, తలుపు వేసుకుని, ఆ చిన్న స్క్రీన్ మీద ఒక్కొక్క పదం చూస్తూ బాల్ పెన్నుతో పెద్ద బడి అక్షరాల్లో రాశాను. మధ్యలో మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి "ఒక ఫొటో తీసి పెట్టుకుంటే పోలా, ఇంతసేపు రాయడం ఎందుకు?" అన్నారు. "వద్దండీ, ఫొటో తీస్తే అది తనంతట తానే క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎక్కడెక్కడ ఉందో మనకే తెలియదు" అన్నాను. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు, ఆధార్ దగ్గర నుంచి గ్యాస్ బిల్లు దాకా మనం అలాగే చేస్తాం. కానీ ఈ పదాలు ఫోన్‌లోకి, వాట్సాప్‌లోకి, ఈమెయిల్ డ్రాఫ్ట్‌లోకి, జిరాక్స్ మెషీన్‌లోకి వెళ్లకూడదు. జిరాక్స్ షాపులో మెషీన్లకు కూడా మెమరీ ఉంటుంది.

ఆ పదాల గురించి కొంచెం చెప్పాలి, తెలిస్తే రాసేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది. చాలా వాలెట్లు వాడేది 2,048 ఇంగ్లీషు పదాల ఒకే జాబితా. మొదటిది అబాండన్, చివరిది జూ. ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, కాబట్టి పదంలో మొదటి నాలుగక్షరాలు స్పష్టంగా ఉంటే చాలు, మిగతాది పరికరమే నింపుతుంది. చివరి పదంలో కొంత భాగం ముందున్న పదాలన్నింటి నుంచి లెక్కకట్టి వచ్చేది, తప్పు రాస్తే పట్టుకోవడానికి. అందువల్ల ఒక పదం తారుమారైతే దాదాపు ఎప్పుడూ పరికరం "ఇది చెల్లదు" అంటుంది. దాదాపు అంటున్నాను, 24 పదాల్లో తప్పు జరిగి కూడా చెల్లే అవకాశం 256లో ఒకటి ఉంది. వరుస కూడా పదమంత ముఖ్యం, అందుకే నంబర్లు వేసుకోవాలి. రాయడం పూర్తయ్యాక పరికరం 24నీ మళ్లీ వరుసగా అడిగి నిర్ధారించుకుంది. రెండు బటన్లతో అటూ ఇటూ జరుపుతూ, రెండూ కలిపి నొక్కుతూ, మొత్తం ముప్పావు గంట పట్టింది.

కాగితం మీద నమ్మకం సింగ్ నగర్ బీరువాతోనే పోయింది కదా, స్టీలు మీద చెక్కాలని ముందే అనుకున్నాను. దీనికోసమని అమ్మే ఖరీదైన పలకలు ఉన్నాయి, కానీ మనకు స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించడం చిన్నప్పటి నుంచి తెలిసిన పనే. పెళ్లికి ఇచ్చిన ప్రతి బిందె మీదా అమ్మ పేరు, తేదీ ఉంటాయి, వరదలో వారం రోజులు మునిగి తేలినా ఆ పేర్లలో ఒక్క గీత చెరగలేదు. సామాన్ల షాపు వాళ్లు వాడే ఆ చెక్కే పెన్ను, కరెంటుతో టకటక కొట్టుకునేది, ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలకు దొరికింది. షాపులో ఇచ్చి చెక్కించకూడదు, మన చేత్తో మనమే చెక్కాలి. స్టీలు షాపులో అరచేయంత రెండు పలకలు కోయించాను, అంచులు నున్నగా చేయించాను. ముందు పాత గరిట మీద రెండు రోజులు అక్షరాలు ప్రాక్టీస్ చేశాను, లేకపోతే పెన్ను జారిపోతుంది. ఒక్కో పదానికి నంబరు, నాలుగు అక్షరాలు. చేయి తిమ్మిరెక్కింది, ఒక పలకకు గంటన్నర.

ఇప్పటిదాకా చేసింది చాలామంది చేస్తారు. చాలామంది ఇక్కడ ఆగిపోయి డబ్బు వేసేస్తారు. నేనూ వేసేద్దామనే అనుకున్నాను. మా తమ్ముడే ఆపాడు. "అక్కా, ఆ పలక చూసి వాలెట్ వెనక్కి వస్తుందో లేదో తెలియకుండా డబ్బు వేయకు" అన్నాడు. వాడి గొంతులో అంతకుముందు ఎప్పుడూ వినని ఒక గట్టిదనం ఉంది. సరే అని చేశాను. ముందు బిట్‌కాయిన్ ఖాతా తెరిచి, అది ఇచ్చిన మొదటి అడ్రస్ ఒక కాగితం మీద రాసుకున్నాను. తర్వాత కావాలనే మూడుసార్లు తప్పు పిన్ కొట్టాను. పరికరం అన్నీ చెరిపేసుకుంది. "పాత పదాలతో తిరిగి తెచ్చుకో" అన్నది ఎంచుకుని, కార్డు పక్కన పెట్టేసి, కేవలం స్టీలు పలక చూస్తూ 24 పదాలు ఎక్కించాను.

చెల్లదు అంది.

వేలు జారి ఉంటుందనుకుని మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. మళ్లీ చెల్లదు. అందులో ఒక్క రూపాయి లేదని తెలిసినా అరచేతులు చెమట పట్టాయి. కార్డు తెచ్చి పలకతో ఒక్కొక్కటీ పోలిస్తే ఒక పదంలో నాలుగో అక్షరం వేరుగా చెక్కాను. నా పదం చెప్పను గానీ ఎలాంటిదంటే, ఆ జాబితాలో యాక్ట్, యాక్షన్, యాక్టర్, యాక్ట్రెస్, యాక్చువల్ ఐదూ ఉన్నాయి, మొదటి మూడు అక్షరాలూ ఒకటే, నాలుగోదే తేడా. చదివేటప్పుడు ఒకటి చదివి చెక్కేటప్పుడు పక్కదాన్ని చెక్కాను. పరికరానికి అదీ జాబితాలో ఉన్న పదమే కాబట్టి అక్కడ ఆపలేదు, చివర్లో లెక్క సరిపోక ఆపింది. ఆ పలకనే నమ్ముకుని కార్డు కాల్చేద్దామన్నది నా మొదటి ఆలోచన. అలా చేసి, డబ్బు వేసి, రెండు మూడేళ్ల తర్వాత పరికరం పాడై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

తప్పు పలకను ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. 23 పదాలు సరిగ్గా ఉన్న పలక, దాన్ని పాత సామాన్లవాడికి వేయలేను, స్టీలు మీద చెరపలేను. ఇంకా డబ్బు వేయలేదు కాబట్టి తేలికైన దారి దొరికింది. ఆ పదాలనే వదిలేశాను. పరికరాన్ని మళ్లీ చెరిపి, కొత్తగా సెట్ చేసి, కొత్త 24 పదాలు తీసుకున్నాను. పాత పలక ఇప్పుడు ఉత్త స్టీలు ముక్క. ఈ పని డబ్బు వేశాక చేయాల్సి వస్తే, కొత్త అడ్రస్‌కి మళ్లీ పంపాలి, ఫీజు కట్టాలి, ఆ మధ్యలో టెన్షన్. ఈసారి నాలుగు పదాలకొకసారి ఆగి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నేను కార్డులో అక్షరాలు పైకి చదవకుండా వేలితో చూపిస్తుంటే ఆయన పలక మీద సరిచూశారు. పైకి చదవకపోవడం ఎందుకంటే హాల్లో మాటలు వినే స్పీకర్ ఒకటి ఉంది. అది అతి జాగ్రత్త అని మా ఆయన అన్నారు, అయినా చదవలేదు. రెండో పలక కూడా చెక్కి, రెండు పలకలతోనూ విడివిడిగా చెరిపి, ఎక్కించి చూశాను. రెండుసార్లూ, ఈ కొత్త పదాలకు ముందుగా రాసిపెట్టుకున్న మొదటి అడ్రసే వచ్చింది. అప్పుడు కార్డు కాల్చాను.

ఎక్స్ఛేంజ్ నుంచి బయటికి పంపడం నేననుకున్నంత తేలిక కాలేదు. మన దేశంలో కొన్ని ఎక్స్ఛేంజ్‌లు క్రిప్టోని బయటి వాలెట్‌కి పంపనే పంపనివ్వవు, రూపాయల్లోకి మార్చుకుని తీసుకోవాల్సిందే. నాది పంపనిచ్చేదే, కానీ మళ్లీ కేవైసీ, సెల్ఫీ వీడియో, ఆ వాలెట్ నా సొంతమేనని ఒప్పుకోలు, కొత్త అడ్రస్ చేర్చాక 24 గంటలు ఆగడం. మొదట్లో విసుగొచ్చినా ఆ ఆగడం మంచిదే అనిపించింది, నా ఫోన్ ఎవరి చేతిలోనైనా పడితే నాకు ఒక రోజు దొరుకుతుంది. ఇలాంటి వాలెట్ ఆలోచన ఉన్నవాళ్లు ఎక్స్ఛేంజ్‌లో ఖాతా తెరవక ముందే బయటికి పంపనిస్తారా లేదా కనుక్కోవాలి.

అడ్రస్ దగ్గర నేను చాలా సేపు ఆగాను. బిట్‌కాయిన్ అడ్రస్ నలభైకి పైగా అక్షరాల దండ. కాపీ చేసి అతికిస్తే మధ్యలో దాన్ని మార్చేసే వైరస్‌లు ఉన్నాయి, అతికించినది దొంగ అడ్రస్ అవుతుంది. కొందరు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసేలా అడ్రస్‌లు తయారు చేసి కూడా మోసం చేస్తారు. కాబట్టి లాప్‌టాప్ చూపించేది కాక పరికరం స్క్రీన్ మీద కనిపించేదే అసలు అడ్రస్ అనుకుని, దాన్ని ఎక్స్ఛేంజ్‌లో అతికించినదానితో నాలుగేసి అక్షరాలు చొప్పున మొత్తం సరిచూశాను. మొదట తక్కువలో తక్కువ పంపాను. వాళ్ల నియమం ప్రకారం అదే 0.001 బిట్‌కాయిన్, అప్పటి ధరకు ఎనిమిది వేల పైమాట. ఫీజు మాత్రం ఎంత పంపినా ఒకటే, కాబట్టి పరీక్ష కోసం పంపడం కొంచెం దండగే, అయినా ఆ దండగ నాకు ఇష్టమే. పంపడం నొక్కాక యాప్‌లో "ప్రాసెసింగ్" అని గంటసేపు ఉంది, ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలకు ఒక్కో బ్లాక్, అంటే ఆ పెద్ద లెక్కలో కొత్త పేజీ లాంటిది, చొప్పున ఆరు నిర్ధారణలు వచ్చేదాకా ఆ స్క్రీనే చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజు, ఆ ఎనిమిది వేలూ అందులో ఉండగా, మళ్లీ ఒకసారి పరికరం చెరిపి పలకతో తెచ్చుకున్నాను. బ్యాలెన్స్ అలాగే ఉంది. అందులోంచి కొంచెం ఇంకో అడ్రస్‌కి పంపి కూడా చూశాను, ఎందుకంటే రావడం మాత్రమే చూసి పోవడం చూడకపోతే సగం పరీక్షే. ఆ తర్వాతే మిగతాది, అదీ మూడు దఫాలుగా.

పన్ను సంగతి మా ఆడిటర్‌ని అడిగాను. నా ఖాతా నుంచి నా సొంత వాలెట్‌కి పంపడం అమ్మకం కాదు కాబట్టి అక్కడ 30 శాతం పన్నూ, 1 శాతం టీడీఎస్సూ పడవన్నారు. అమ్మినప్పుడే. ఈ 30 శాతం 2022 ఏప్రిల్ 1 నుంచి, టీడీఎస్ అదే ఏడాది జూలై 1 నుంచి ఉన్నాయి. లాభంలోంచి కొన్న ధర తప్ప ఇంకేదీ తీసేయనివ్వరు, అంటే వాలెట్ ఖర్చు, పంపిన ఫీజు మనవే. కాబట్టి ఎప్పుడు ఎంతకు కొన్నానో ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్లన్నీ దింపుకుని, పంపిన ప్రతి లావాదేవీ నంబరుతో సహా దాచాను. ఆ ఎక్స్ఛేంజ్ రేపు ఉంటుందో లేదో తెలియదు, నా కొన్న ధర రుజువు మాత్రం ఉండాలి.

తర్వాత రెండు నెలలకు ఒక ఈమెయిల్ వచ్చింది. మీ పరికరంలో లోపం బయటపడింది, 48 గంటల్లో పదాలు సరిచూసుకోకపోతే ఖాతా నిలిచిపోతుంది, ఇక్కడ నొక్కండి అని. అచ్చం కంపెనీ రాసినట్టే ఉంది, తప్పుల్లేని ఇంగ్లీషు. నొక్కితే 24 పదాలు టైప్ చేయమనే పేజీ వస్తుంది, నేను నొక్కలేదు. పదాలు పరికరంలోకి తప్ప ఏ కీబోర్డు మీదా, ఏ వెబ్‌సైట్‌లోనూ, ఎంత మర్యాదగా మాట్లాడే కస్టమర్ కేర్ మనిషికీ ఇవ్వకూడదు. ఈ ఒక్క ముక్క మా ఆయనకీ, తమ్ముడికీ, నాన్నకీ కూడా చెప్పి ఉంచాను.

పరికరం ఉన్నంత మాత్రాన ధీమా వద్దని 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్‌కి జరిగినది చూసి ఇంకా గట్టిగా అనిపించింది. దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ అనే క్రిప్టో పోయింది, అదీ ఆఫ్‌లైన్‌లో ఉంచే కోల్డ్ వాలెట్ నుంచి. సంతకం చేసేవాళ్లు ఒక్కరి కంటే ఎక్కువే ఉన్నారు. వాళ్లకు కంప్యూటర్ స్క్రీన్ మీద మామూలు లావాదేవీ కనిపించింది, నిజంగా సంతకం చేసింది మాత్రం వేరేది, ఎందుకంటే ఆ పేజీనే దొంగలు మార్చేశారు. పరికరం స్క్రీన్ మీద అర్థంకాని అంకెలు వచ్చినప్పుడు సరేనని నొక్కితే పరికరం కూడా ఏమీ చేయలేదు. నేను బిట్‌కాయిన్ తప్ప వేరేవి పెట్టుకోను, కాబట్టి నా స్క్రీన్ మీద వచ్చేవి అడ్రస్, మొత్తం, ఫీజు, అంతే. చదివి అర్థమైతేనే నొక్కుతాను. ఇంకా కొత్త యాప్‌లకు తగిలించి ఏవేవో అనుమతులు ఇవ్వడం నా వరకు అక్కర్లేదు.

పలకలు ఎక్కడ దాచాలన్నది నేనూ మా ఆయనా చాలా రోజులు మాట్లాడుకున్నాం. 24 పదాల్ని సగం సగం చేసి రెండు చోట్ల పెడదామన్నారు ఆయన. అది భద్రంగా అనిపిస్తుంది గానీ ఏ సగం పోయినా మొత్తం పోయినట్టే, అంటే ప్రమాదం రెట్టింపు. పదాలకు తోడు మనమే పెట్టుకునే అదనపు రహస్య పదం, దాన్ని 25వ పదం అంటారు, అదీ ఆలోచించాను. పలక దొంగ చేతిలో పడినా అది ఉంటే డబ్బు పోదు. కానీ అది నేను మరిచిపోతే, లేదా చెప్పకుండా నాకేమైనా అయితే, ఇంట్లోవాళ్లకు పలక ఉండీ లాభం లేదు. నా మొత్తానికి ఆ చిక్కు వద్దనుకున్నాను. ఎక్కువ ఉన్నవాళ్ల ఆలోచన వేరుగా ఉండొచ్చు.

ఒక పలక హైదరాబాద్‌లో బ్యాంక్ లాకర్‌లో పెట్టాం. దాంతో పాటు మా ఆయనకు రెండు పేజీల ఉత్తరం తెలుగులో రాశాను, ఇది ఏమిటి, కొత్త పరికరం ఎక్కడ కొనాలి, ఎవరికి చెప్పకూడదు, తమ్ముణ్ని ఏ సంగతి వరకే అడగాలి అని. ఉత్తరం రాసి ఊరుకోకుండా, ఒక ఆదివారం ఆయన చేతికి పలక, పరికరం ఇచ్చి, ఆ ఉత్తరం చూసి మీరే తెచ్చుకోండి అని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. రెండుసార్లు పిలిచారు, నేను బదులివ్వలేదు. గంటా పది నిమిషాల తర్వాత "వచ్చిందే!" అన్నారు. ఆయన ఇబ్బంది పడ్డ చోట్ల ఉత్తరంలో ఇంకో నాలుగు లైన్లు చేర్చాను.

రెండో పలక సంక్రాంతికి విజయవాడ తీసుకెళ్లాను. గుడ్డ సంచిలో పెట్టి కుట్టి, కుట్టు మీద మా ఇద్దరి సంతకాలతో కాగితం అంటించాను, ఎవరైనా విప్పితే తెలిసిపోయేలా. నాన్న చేతిలోకి తీసుకుని బరువు చూసి "ఇది పోతే ఏమవుతుందమ్మా?" అని అడిగారు. ఇంకోటి ఉంది నాన్నా, కానీ ఇది ఎవరికీ చూపించకు అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా పై వాటాలోకి తీసుకెళ్లారు. కింది గదిలో గోడ మీద వరద నీటి మరక ఇంకా అలాగే ఉంది, సున్నం వేసినా పైకి తేలుతోంది. ఆ మరక కంటే ఒక అంతస్తు పైన, అటక మీద, అమ్మ పేరు చెక్కిన పాత ఇత్తడి బిందెలో పెట్టి, మీద మూత వేసి కిందికి దిగి, చేతులు దులుపుకున్నారు.